చిత్రిక పట్టిన పాత చెక్క

ఏప్రిల్ 2

బావ ఇవాళ బార్ కట్టడానికి ఒప్పుకున్నాడు.

ఈ వాక్యం కింద రెండు గీతలు గీశాను. కోపంతోనే, భయంతో కాదు. పదిహేనేళ్ళు తలుపులు, కిటికీలు చేసిన చేతులు ఇకమీద తాగేవాళ్ళు మోచేతులు ఆనించుకోవడానికి బల్ల చేస్తాయట. అది కూడా ఆరుబయట, చెట్ల కింద. పుట్టినరోజులకీ పెళ్ళిళ్ళకీ అద్దెకిచ్చే తోటలో.

ఆ తోట యజమాని పొద్దున షాపుకి వచ్చాడు. ఈ డైరీలో అతన్ని పెట్టుబడి అనే రాస్తాను. పేరు రాస్తే వ్యక్తి మీద ద్వేషమవుతుంది, మన పోరాటం వ్యవస్థతో. పెట్టుబడి స్టూలు వేసినా కూర్చోకుండా రంపపు పొట్టు మీదే బాసిపట్టు వేసుకుని కూర్చున్నాడు.

"నాకది కొత్తగా కనబడకూడదు మేస్త్రీ. పాత గోడౌన్ ఒకటి పడగొట్టారు, ఆ చెక్కంతా కొన్నాను. ఒక్కో పలకా నేనే ఏరుకున్నాను. మేకుల బొక్కలు, రంగు పెచ్చులు, అన్నీ అలాగే ఉండాలి. చెయ్యి వేస్తే తాతగారి ఇల్లు గుర్తుకు రావాలి."

"మీ తాతగారు గోడౌన్‌లో ఉండేవారా మిత్రమా?" అన్నాను. నేనెవర్నీ సార్ అనను.

బావ నా కాలు తొక్కాడు. పెట్టుబడి మాత్రం పడీపడీ నవ్వాడు. "మిత్రమా! కుర్రాడు భలే సహజంగా ఉన్నాడే," అన్నాడు. అవమానించిన ప్రతిసారీ సంతోషించే శత్రువుతో ఎలా పోరాడాలి?

ఇరవై ఎనిమిదో తారీఖున తోట ప్రారంభం. బార్ నచ్చితే తోటకి కావలసిన కుర్చీలు, బెంచీలు అన్నీ బావే చెయ్యాలి. ఏడాది పని.

ఏప్రిల్ 3

"మత్తు: ఎవరి ఆయుధం?" కరపత్రం మళ్ళీ చదివాను. పదహారు పేజీలు. ప్రతి పేజీలో బావే కనిపించాడు. బావ తాగడు. అయినా కనిపించాడు.

ఏప్రిల్ 5

సమ్మె నోటీసు ఇచ్చాను. నాలుగు డిమాండ్లు, రెండు కాపీలు. ఒకటి బావకి, ఒకటి అక్కకి. బావ తన కాపీని చెవి వెనక పెన్సిల్ పెట్టుకున్నంత శ్రద్ధగా జేబులో పెట్టుకున్నాడు.

"సమ్మె ఎప్పట్నుంచి బామ్మర్దీ?"

"రేపట్నుంచి."

"మంచిది. రేపు ఆదివారం, షాపెలాగూ మూసే ఉంటుంది."

సోమవారానికి మార్చాను.

ఏప్రిల్ 7

సమ్మె మొదటి రోజు. మధ్యాహ్నం పీట వాల్చుకుని కూర్చున్నాను. అక్క కంచం పెట్టలేదు.

"సమ్మెలో ఉన్నవాళ్ళకి అన్నం ఎవరు పెడతార్రా?"

"ప్రజలు."

"సరే పిలువు మరి నీ ప్రజల్ని. వస్తూ వస్తూ నీ బట్టలు కూడా ఉతికేసి పోమను. పదకొండేళ్ళుగా నాకు సెలవు లేదు, నా నోటీసు ఎవడికివ్వాలో చెప్పు ముందు."

దీనికి సిద్ధాంతపరంగా జవాబు ఉంది. నాలుగు గంటలకి గుర్తొచ్చింది. అప్పటికే సమ్మెని వ్యూహాత్మకంగా విరమించి తినేశాను.

ఏప్రిల్ 8

చెక్క వచ్చింది. ముప్పై నాలుగు పలకలు. నీలం రంగు పెచ్చులు పెచ్చులుగా లేచింది. సరుకు మూటల తాళ్ళు రాసుకుని అంచులు అరిగాయి. తుప్పు కన్నీళ్ళలా కారిన మేకులు. దుమ్ము కింద ఏముందో తెలియదు.

ఒకప్పుడు బావతో పనిచేసిన ఒకాయన చూడటానికి వచ్చాడు. ఇప్పుడు రెడీమేడ్ తలుపుల ఫ్యాక్టరీలో పెద్ద మనిషి. మిషన్ దగ్గర నిలబడే ఉద్యోగం ఖాళీగా ఉందట, వచ్చే నెల అయిదో తారీఖు దాకా ఆపుతాడట. బావ ఆయనకి టీ ఇచ్చి, ఆలోచించి చెప్తానన్నాడు. బావ ఆలోచించి చెప్తానని అనడం నేనెప్పుడూ వినలేదు. ఈ ఏడాది మేం చేసిన కొత్త తలుపులు మూడు. అందులో ఒకటి మా ఇంటిదే.

సాయంత్రం అక్క నాతో, "ఆ మిషన్ దగ్గర నిలబెడితే ఈ మనిషి నెల తిరక్కుండా మాట మానేస్తాడు. ఇంట్లో నాకొక మేజా బల్ల మిగులుతుంది, మొగుడు కాదు. ఈ బార్ నచ్చాల్రా. నీకు దండం పెడతాను, నోరు అదుపులో పెట్టుకో," అంది.

నేను వర్గ స్పృహ గురించి ఒక మాట చెప్పబోయాను. అక్క ముఖం చూసి మంచినీళ్ళ బిందె తెచ్చిపెట్టాను.

ఏప్రిల్ 11

బావ కీళ్ళూ గొళ్ళాలూ కొనడానికి పై ఊరు వెళ్ళాడు. రెండు రోజులు. వెళ్తూ నాకు చెప్పిన పని: మేకులు పీకు, బ్రష్‌తో దుమ్ము దులుపు, అంతే. ఇంకొక మాట కూడా అన్నాడు: "తెలివి వాడకు."

మేకులన్నీ పీకేశాను. రెండు వందల పైనే.

ఆఖరి పలక అంచున మేకుతో పాటు ఒక చీలిక ఊడొచ్చింది. లోపల తేనె రంగు. చెక్క వాసన ఎంత గాఢంగా వచ్చిందంటే కాసేపు అలాగే నిలబడిపోయాను. ఇంత మంచి చెక్క ఈ మురికి కింద యాభై ఏళ్ళు మూటలు మోసింది. "శ్రమ, సత్యం" తొమ్మిదో పేజీ: పనిచేసిన చెయ్యి సరుకు మీద మెరవాలి, దాన్ని దాచే ప్రతి పూతా అబద్ధమే.

ఏప్రిల్ 12

జీవితంలో ఇంత ఆనందమైన రోజు లేదు.

ఆరింటికే షాపు తెరిచాను. ముందు మిషన్ చిత్రిక, ఆ తర్వాత చేతి చిత్రిక. నీలం పెచ్చులు లేచిపోయాయి. మరకలు పోయాయి. పొట్టు ఉంగరాలు ఉంగరాలుగా నా మోకాళ్ళ దాకా పేరుకుంది. పలక తర్వాత పలక, సంకెళ్ళు తెంచుకుని లేచినట్టు లేచాయి. మధ్యాహ్నం భోజనానికి పిలిస్తే వినబడలేదు. (అక్క మూడుసార్లు పిలిచిందట.) సాయంత్రానికి ముప్పై నాలుగూ అయ్యాయి. గోడకి వరసగా నిలబెట్టాను. దీపం అక్కర్లేకుండా షాపులో వెలుగు.

బావ చూసి ఏమంటాడో. ఏమీ అనలేడు. మాట పడిపోతుంది.

ఏప్రిల్ 13

మాట పడిపోయింది.

బావ గుమ్మంలోనే సంచీ దించాడు. ఒక పలక దగ్గరికి వెళ్ళి ఈ కొస నుంచి ఆ కొస దాకా అరచెయ్యి నడిపాడు. తర్వాత ఇంకో పలక. అలా ఏడెనిమిది చూశాడు. ఒకదాన్ని కంటి ఎత్తుకి లేపి అంచు మీదుగా ఒక కన్ను మూసి చూశాడు.

"బాగా పట్టావురా," అన్నాడు.

మూడేళ్ళుగా ఆయన దగ్గర పని చేస్తున్నాను. ఆ మాట మొదటిసారి విన్నాను. ఆ మాట అని బావ అక్కడే పొట్టులో కూలబడ్డాడు. పెట్టుబడి ఏరి ఏరి తెచ్చుకున్న నీలం పెచ్చులు గుప్పెడు తీసి చూసుకున్నాడు. తిట్టలేదు. తిడితే వాదించేవాడిని.

అక్క తిట్టింది. నేను వాదించలేదు.

ఏప్రిల్ 14

నేను తప్పు చేయలేదు.

ఏప్రిల్ 15

నేను తప్పు చేయలేదు. కాలం తప్పు చేసింది. మంచి చెక్కని మంచిగా చూడలేని సమాజంలో...

తర్వాత పూర్తి చేస్తాను. పాలిష్ పెద్దమ్మ వచ్చింది.

అదే రోజు, సాయంత్రం

పాలిష్ పెద్దమ్మ అంటే ఈ వీధిలో అందరి మేజాలకీ మంచాలకీ మెరుపు పెట్టే మనిషి. ముప్పై ఏళ్ళ అనుభవం. బావ కబురు పెడితే వచ్చింది. పలకలన్నీ చూసి, బుగ్గన వేలు పెట్టుకుని, "ఎంత బాగున్నాయో! ఇంకేం కావాలి వీటికి?" అంది.

"వీటిని ముసలివి చెయ్యాలి," అన్నాడు బావ. "పన్నెండు రోజుల్లో."

పెద్దమ్మ నవ్వు ఆపుకోలేక గోడ పట్టుకుంది. "ముప్పై ఏళ్ళు పాతవి కొత్తవి చేసి పొట్ట పోసుకున్నాను. ఇప్పుడు కొత్తవి పాతవి చెయ్యాలా? సరే నాయనా. ఏ మరక పోదో నాకంటే ఎవరికి తెలుసు?"

పాత సొట్టలు పడేలా పలకల్ని గొలుసుతో కొట్టమంది. తుప్పు మేకులు వెనిగర్‌లో నానబెట్టమంది. చిక్కటి టీ డికాషన్ బకెట్‌డు కాయమంది. ముందు టీ పూసి, ఆరాక ఆ తుప్పు నీళ్ళు పూస్తే చెక్క కళ్ళ ముందే నల్లబడుతుందట. నేను పీకిన మేకులు పారెయ్యలేదు కాబట్టి ఆ రకంగా ఈ పథకంలో నా దూరదృష్టి కూడా ఉంది.

బావ ఇందులో చెయ్యి పెట్టనన్నాడు. "నేను కింద చట్రం చేస్తాను. కొట్టుడు పని మీది."

ఏప్రిల్ 16

నా పూర్తి విమర్శని నమోదు చేస్తూ, నిరసనతోనే పాల్గొంటున్నాను.

ఏప్రిల్ 17

గొలుసుతో కొట్టాను. మొదటి దెబ్బకి నా ఒంటి మీద పడ్డట్టయింది. పదో దెబ్బకి అలవాటైంది. పలక మీద ఎలా పడితే అలా కొట్టకూడదు. మనుషులు చెయ్యి ఆనించే చోట ఎక్కువ, మూలల్లో తక్కువ.

ఏప్రిల్ 18

పురుగు తొలిచిన రంధ్రాలు పెట్టాను, సన్న మేకుతో. గంటన్నరసేపు చాలా శ్రద్ధగా. పెద్దమ్మ వచ్చి చూసి, "ఇదేం పురుగు నాయనా, బళ్ళో చదువుకుందా? లైన్లో నిలబడి తిన్నట్టుందే!" అంది.

కోపం వచ్చింది. ఆ పలక పక్కన పడేసి ఇంకోటి మొదలుపెట్టాను. ఈసారి పురుగులా ఆలోచించాను. పురుగుకి ప్రణాళిక ఉండదు. మెత్తగా ఉన్న చోటికి పోతుంది, కడుపు నిండితే ఆగుతుంది. నాకు చాలామంది నాయకులు గుర్తొచ్చారు. పలక అద్భుతంగా వచ్చింది.

ఏప్రిల్ 21

నీలం రంగు పూసి, పూర్తిగా ఆరకముందే మైనం రుద్ది, ఆ పైన ఇంకో పూత వేసి, గరిటె అంచుతో లేపితే పెచ్చులు అసలు వాటికంటే బాగా వస్తున్నాయి. ఇది నేను కనిపెట్టింది. పెద్దమ్మకి కూడా తెలీదు.

ఇది మోసం కాదని ఇవాళ అర్థమైంది. పెట్టుబడికి కావలసిన అబద్ధాన్ని పెట్టుబడికే తయారు చేసి ఇవ్వడం ఒక రకంగా దాన్ని బట్టబయలు చెయ్యడమే. దీని మీద చిన్న పుస్తకం రాయొచ్చు. అక్కకి చదివి వినిపిస్తే, "రాసెయ్, గరిటె మాత్రం నాది, కడిగి పెట్టు," అంది.

ఏప్రిల్ 23

బావ చేసిన చట్రం చూశాను. కాళ్ళు, అడ్డదూలాలు, ఒక్క మేకు లేదు. దూలం కొసన చెక్కిన కుసి కాలి బెజ్జంలో దూరితే మధ్యలో వెంట్రుక కూడా పట్టదు. పైన పలకలు కప్పేస్తే ఎవరికీ కనబడదు.

"కనబడని దానికి ఇంత ఎందుకు బావా?"

"పైన నువ్వు చేస్తున్న దానికి కింద ఎవడో ఒకడు సమాధానం చెప్పాలి కదరా."

మూడు కుసులు నా చేత కోయించాడు. మొదటిది పారేశాడు. రెండోది పారేశాడు. మూడోది ఉంచాడు.

ఏప్రిల్ 24

పెట్టుబడి చూడటానికి వచ్చాడు. బావ గోడ వైపు తిరిగి ఉలి నూరుకుంటూ ఉండిపోయాడు. పెట్టుబడి పలక మీద చెయ్యి వేసి కళ్ళు మూసుకున్నాడు.

"చూశారా ఈ మరక. దీని వెనక ఎన్ని చేతులున్నాయో, ఎన్ని చెమటలో! ఎంత చరిత్ర!"

అది మంగళవారం నాటి టీ.

బావ మెడ ఎర్రబడింది. ఉలి నూరడం ఆపలేదు.

ఏప్రిల్ 28

రాయాలి. అంతా క్రమంగా రాయాలి.

తోటంతా లైట్లు. బార్ చెట్టు కింద నిలబడింది. చూడటానికి వందేళ్ళ నాటిదిలా, సిగ్గు లేకుండా. గుండె ఒక్క క్షణం పొంగిన మాట నిజం. పెట్టుబడి దాని పక్కన నిలబడి వచ్చిన ప్రతివాళ్ళకీ చెప్తున్నాడు: "ఒక్క ఉలి దెబ్బ తగల్లేదు. కాలం ఎలా ఇచ్చిందో అలాగే."

బావ ఎక్కడో వెనక, జనరేటర్ దగ్గర, కొత్త చొక్కాలో తల దించుకుని ఉన్నాడు. పనిచేసినవాడికి పిలుపుంది, పలకరింపు లేదు. ఉలి దెబ్బ తగల్లేదట! నాకు కళ్ళు మసకబారాయి. ఖాళీ పీపా ఒకటి కనబడితే ఎక్కేశాను.

"అబద్ధం!" అన్నాను. "ఇదంతా అబద్ధం! ఈ పలకలు ఈ చేతులతో చిత్రిక పట్టాను. మెరిశాయి. మీకు మెరుపు అక్కర్లేదు! అందుకని గొలుసుతో కొట్టాను. ఈ మరక టీ, ఈ నలుపు తుప్పు నీళ్ళు, ఈ పురుగు నేను! శ్రమ చేసినవాడి ముఖం మీకు అక్కర్లేదు, వాడి చెమట మరక మాత్రం కావాలి, గ్లాసు పెట్టుకోవడానికి!"

ఇంకా చాలా అన్నాను. దాదాపు పావుగంట.

పీపా మీదే నిలబడ్డాను. ఇక రాళ్ళు పడతాయనుకున్నాను.

చప్పట్లు పడ్డాయి. ఒకావిడ కళ్ళు తుడుచుకుంది. ఒకాయన ఆ గొలుసు అమ్ముతారా అని అడిగాడు. ముగ్గురు వచ్చి "ఈ పురుగు నేను" అన్న ముక్క మళ్ళీ చెప్పమన్నారు, వీడియో తీసుకోవడానికి.

చెప్పాను. మొదటిసారి సరిగ్గా రాలేదంటే రెండోసారి కూడా.

ఏప్రిల్ 29

పొద్దున్నే పెట్టుబడి షాపుకి వచ్చాడు. వాయించడానికే వచ్చాడనుకుని అక్క లోపల తలుపు పట్టుకుని నిలబడింది.

"మేస్త్రీ, చిత్రిక సంగతి నిన్ననే తెలిసింది, పట్టించుకోను. కుర్చీలు, బెంచీలు అన్నీ మీకే. ఒక్కటే కోరిక. ఈ కుర్రాడు ప్రతి ఫంక్షన్‌కీ వచ్చి ఆ పీపా ఎక్కాలి. అదే కోపం. మే నాలుగున ఒక జంట పాతికేళ్ళ పెళ్ళిరోజు ఉంది. ఆ రోజు చూసి ఖాయం చేసుకుందాం."

"మిమ్మల్ని తిట్టడానికి మీరే నన్ను పిలుస్తారా మిత్రమా?"

"అదే! అదే! ఆ మిత్రమా కూడా వదలకు."

అతను వెళ్ళాక బావ పొట్టు ఊడ్చాడు, నేను పలకలు సర్దాను. బావే అన్నాడు: "నీ నోరు, నీ ఇష్టం. ఫ్యాక్టరీవాడు అయిదో తారీఖు దాకా ఆగుతాడు. మిషన్ ఏం కరవదులే."

అక్క ఏమీ అడగలేదు. అడిగితే కాదనేవాడినేమో.

ఏప్రిల్ 30

నా దగ్గరున్న నలభై ఒక్క కరపత్రాలూ తిరగేశాను. జైల్లో పెట్టే శత్రువు గురించి ఉంది. కొనేసే శత్రువు గురించి ఉంది. చప్పట్లు కొట్టే శత్రువు గురించి ఏ పేజీలోనూ లేదు.

మే 2

వెళ్తాను. వేదిక ఎవరిదైనా మాట మనదే. దీన్ని లొంగుబాటు అనలేం.

అద్దం ముందు సాధన చేశాను. అక్క తలుపు సందులోంచి చూసి, "కనుబొమ్మ ఇంకొంచెం పైకెత్తు," అంది.

మే 4

కోపం రాలేదు.

ముందే గమనించాల్సింది. పొద్దున నుంచీ షాపులో బావ ఈల వేస్తున్నాడు. అక్క నా చొక్కా ఇస్త్రీ చేసింది. తోటకి బయల్దేరే ముందు ముగ్గురం ఏదో పిచ్చి మాటకి కడుపు పట్టుకుని నవ్వాం. అలాంటి స్థితిలో పీపా ఎక్కాను.

"అబద్ధం," అన్నాను. "ఇదంతా... ఒక విధంగా చూస్తే... అబద్ధమే."

అతిథులు మర్యాదగా చూశారు. పెళ్ళిరోజు దంపతులు ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని నిలబడ్డారు, పాపం మంచివాళ్ళలా ఉన్నారు. వ్యవస్థని గుర్తు చేసుకున్నాను. పెట్టుబడిని చూశాను. అతను చూపుడు వేలు గాల్లో తిప్పుతున్నాడు, ఇంకా, ఇంకా అన్నట్టు. ఆ వెనక బావ. ఈల లేదు. చొక్కా గుండీ తిప్పుకుంటున్నాడు. ఫ్యాక్టరీ మిషన్ నా కళ్ళ ముందు తిరిగింది. అయినా నోట్లోంచి వచ్చింది ఇదొక్కటే: "అందరూ భోంచేసి వెళ్ళండి."

పెట్టుబడి ముఖం మాడిపోయింది. చేతి గడియారం చూసుకున్నాడు. దిగబోతుంటే ఆ పెళ్ళిరోజు ఇల్లాలు బార్ మీద గ్లాసు పెట్టి నన్ను పిలిచింది.

"బాబూ, ఇది ఊగుతోంది."

"ఊగదండీ."

"ఊగుతోంది నాయనా. నీళ్ళు చూడు."

"ఊగదు!" అన్నాను. నా గొంతు నేనే గుర్తు పట్టలేకపోయాను. "మీరేమన్నా అనండి, పాతదనండి, దొంగదనండి, నన్ను పురుగనండి! ఊగుతోందని మాత్రం అనకండి! మా బావ చేసిన చట్రం అది! వెంట్రుక దూరదు! ఏది, కిందికి వంగండి, వంగి చూడండి! ఎవరికైనా బెజ్జం అంటే తెలుసా ఇక్కడ? కుసి అంటే తెలుసా? పైన మరకలకి చప్పట్లు కొడతారా? ఇదిగో, కొట్టాల్సింది ఇక్కడ!"

బార్ కింద దూరాను. నాతో పాటు సూటు వేసుకున్న ముగ్గురు పెద్దమనుషులు గడ్డిలో మోకాళ్ళ మీద వంగి ఫోన్ లైట్లు పట్టుకున్నారు. ఒక్కో కుసి చూపించాను. మూడోది నేను కోసిందని కూడా చెప్పాను, అడగకపోయినా. చట్రం కొండలా ఉంది. కాలు కింద మట్టే కుంగింది, ఎవడో అక్కడ నీళ్ళ పైపు వదిలేశాడు. ఆ ఎవడో ఎవడని అరిచాను. తోటమాలి పారిపోయాడు. రాలిన కొమ్మ ఒకటి తెచ్చుకుని, బావ జేబులో కత్తి అడిగి, సన్నగా చెక్కి కాలి కింద తట్టాను. మళ్ళీ తీశాను, ఇంకో రవ్వ చెక్కాను. ఇల్లాలు గ్లాసు నిండా నీళ్ళు పోసి పెట్టింది. నీళ్ళు కదల్లేదు.

లేచేసరికి తోటంతా చప్పట్లు. పెట్టుబడి పరుగెత్తుకొచ్చి, "మొదట చప్పగా మొదలుపెట్టి ఒక్కసారి అలా పేల్చావు చూడు, ఏం ఎత్తుగడ! ఇలాగే ఉంచు," అన్నాడు. కుర్చీలు ఖాయం. నలభై.

స్కూటర్ మీద వస్తుంటే బావ అడిగాడు.

"అది నటనేనా బామ్మర్దీ?"

"నటనే."

"ఊఁ," అన్నాడు. వీధి మలుపు దాకా ఈల వేసి, "నీ కుసి కొంచెం లోపలికి దిగాల్సింది. రేపు చూపిస్తాలే," అన్నాడు.

నటనే.

మే 5

బావ ఫ్యాక్టరీకి రానని ఫోన్ చేశాడు. రెండు ముక్కల్లో అయిపోయింది. అక్క ఆ రెండు ముక్కలూ వినడానికి పొయ్యి కట్టేసి వచ్చింది.

కుర్చీల చెక్క దిగింది. కొత్తది, రంపం నుంచి అప్పుడే వచ్చింది, గరుకుగా. పెట్టుబడికి ఇవన్నీ ముసలివి కావాలి కాబట్టి నేను నేరుగా గొలుసు తీశాను. బావ నా చేతిలోంచి లాక్కున్నాడు.

"ముందు చిత్రిక పట్టు."

"ఎలాగూ పాడు చేసేదే కదా బావా?"

"సరిగ్గా తయారవనిది పాతదెలా అవుతుందిరా?"

ఇది తర్కానికి నిలబడే మాట కాదు. గట్టి జవాబు ఒకటి ఉండి తీరాలి. అది ఆలోచిస్తూ ఉండగానే పదకొండు పలకలు అయిపోయాయి.